పలకల గుడ్డ

దయామణి వాళ్ల నాయనా,

దొరసాని కారుకు పాలిషు డబ్బాలు రెండు తెచ్చి గూట్లో పెట్టినా. ముందు మెత్తది వాడు. గరుకుది రంగును కూడా తినేస్తదంట. వెనక చక్రం పక్కన కొంచెం రుద్ది చూసి, సున్నాలు చుట్టినట్టు పడిన గీతలు పోతేనే మిగతాది రుద్దు. ఉతికిన గుడ్డ డబ్బాల మీద ఉంది.

ఆదివారం ప్రార్థన కాడ నువ్వు తోలే కారు మెరవాలని నేనే తుడిచినా, రాతి పలకల పనిలో నేను వాడే గుడ్డతో. దాంట్లో రాతిపొడి ఉంటదని ఆలోచించలేదు. దొరసాని నిన్ను అందరి ముందర తిడుతుంటే తలకాయ దించుకొని నిలబడినా.

తుడిచింది నేనేనని దొరసానికి చెప్పేదానికే బంగళాకు పోతున్నా. సంగటి ఉట్టి మీద ఉంది.

ఎలీషబా

ఇంకో మాట. నా గుడ్డ నువ్వు ఆ పొద్దే చూసినావు. చూసి కూడా "నేనే సరిగా తుడవలేదమ్మా" అన్నావు. నా వెనకాల వచ్చి మళ్లీ ఆ మాట అనొద్దు.