జపాన్ కోటలోని ఐదుగురి కోసం కూడిక

అమ్మా ఆశా,

బంతిపూలు తీసుకుని చేవెళ్ల మార్కెట్‌కు పోతున్నాను. సాయంత్రం మన ఇంట్లో ప్రార్థన కూడిక ఉన్నది. డ్యూటీ నుంచి రాగానే చాపలు పరిచి, చాయ్‌కి పాలు పక్కకు పెట్టు.

సంగతేమిటంటే, నువ్వు టీవీలో ఆడే ఆటలో ఆ ఐదుగురు ఇంకా జపాన్ కోట పొదల్లోనే నక్కి ఉన్నారు. వాళ్లను బయటికి తేలేక నువ్వు అన్నం పళ్లెం పక్కకు నెట్టడం చూశాను. మనసాగలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అవసరతలు అడిగితే లేచి, "మా కోడలి మనుషులు ఐదుగురు జపాన్‌ల శత్రువుల కోటల చిక్కుకున్నరు" అన్నాను. ఆట అని చెప్పేలోపే పక్కింటి సరోజమ్మ, "అయ్యో దేవా, ఆశ ఆఫీసోళ్లా!" అని ఏడుపు అందుకున్నది. పాస్టరుగారు నా భుజం పట్టుకుని, "పేతురన్నా, ఫికర్ చెయ్యకు. సంఘమంతా మీ ఇంటికే వస్తం" అన్నాడు. అంత ఏడ్చిన మనిషికి ఆట అని ఎట్లా చెప్పేది? పక్క ఊరు సురంగల్ సంఘం వాళ్లు కూడా ఉపవాసముండి వస్తున్నారట.

కాబట్టి వాళ్లు వచ్చేలోపే ఐదుగురినీ కోట దాటించు. అప్పుడు "బయటపడ్డారు" అని నేను సాక్ష్యం చెప్తాను, అబద్ధం కాకుండా పోతుంది. వాళ్లలో కుంటుతూ నడిచే ముసలాయనను ముందు దాటించు తల్లీ. నువ్వు కూడా జర తిను.

మీ మామ

ఇంకొకటి. మధ్యలో ఎవరైనా చనిపోతే, మళ్లీ బతికించే బటన్ నొక్కుతావు కదా, అది పాస్టరుగారి ముందు నొక్కకు. ఇన్నేళ్లుగా ఆయన ఎంత ప్రార్థించినా ఒక్కరూ లేవలేదు. మనసు కష్టపెట్టుకుంటాడు.