నోలీన్ సోమరి కాదని మనవి

ఉపాధి ఆఫీసరు గారికి, టిన్‌పాట్ క్రీక్ నుంచి మెర్వ్ ప్లంకెట్, వయసు డెబ్బై తొమ్మిది, ఎవరిచేతా రాయించకుండా సొంతంగా రాసుకున్న అర్జీ.

విషయం: నా ఎకసెక్కం వల్ల నోలీన్ నిరుద్యోగ భృతి ఆగిపోయిన సంగతి.

అయ్యా,

తమరికి విన్నవించుకునేది ఏమనగా:

1. మా కాగితం మిల్లు మూతపడింది. దాని వెనకే ఆపిల్ ప్యాకింగు షెడ్డు, హోటలు, ఆఖరికి శవపేటికలు చేసే వడ్రంగి కొట్టు కూడా. జనం పని కోసం వేరే ఊళ్లకు పోయి అక్కడే చస్తున్నారు.

2. పని లేనివాళ్లు నెలకు ఇరవై ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టకపోతే తమరు భృతి ఆపేస్తామన్నారు. ఊళ్లో ఇరవై ఉద్యోగాలు ఎక్కడివి? నా మోకాళ్లు పట్టేసి, ఇంటి ముందు గడ్డి కోయడానికి మనిషి కావాలని కిరాణా కొట్టు గోడకు చీటీ అంటించాను. వారానికి రెండు గంటల పని. నలభై ఒక్క దరఖాస్తులు! పని పోయిన బ్యాంకు మేనేజరు కూడా టై కట్టుకొచ్చి, "ఇందులో ఎదుగుదల ఉంటుందా అండీ?" అని అడిగాడు. "గడ్డికి ఉంటుంది బాబూ" అన్నాను. పని మాత్రం ముగ్గురు పిల్లలున్న హోటలు వంటవాడికిచ్చాను.

3. తక్కినవాళ్లను ఎందుకు తీసుకోలేదో రాయమని తమరి ఫారాలొచ్చాయి. దరఖాస్తు పెట్టినవాళ్లలో నోలీన్ మా పక్కింటి మనిషి. మిల్లులో ఇరవై రెండేళ్లు పెద్ద యంత్రం నడిపింది. ఆవిడ ఫారం మీద "వట్టి సోమరి, కుర్చీలోనే వేళ్లూనుకుపోయింది" అని రాశాను. ఎంత పనిమంతులైతే అంత సోమరి అని పిలవడం మా అలవాటు. నిజమైన సోమరిని ఏమీ అనం, బాధపడతాడు.

4. తమరు నిజమనుకుని ఆవిడ భృతి ఆపేశారు. ఈ శుక్రవారం అద్దె కట్టకపోతే ఆవిడ ఇల్లు ఖాళీ చేయాలి. వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "నీ చెయ్యి పడిపోను ముసలోడా! ఒక్క గీతతో నన్ను రోడ్డు మీదకి తెచ్చావు కదరా!" అని తిట్టింది. తిడుతూనే నిచ్చెనెక్కి నా ఇంటి చూరు కింద వాననీటి గొట్టంలో అడ్డుపడ్డ ఆకులు తీసింది. నాకు నవ్వు రాలేదు.

కావున ఆ రాత కొట్టేసి భృతి ఇప్పించండి. శిక్షంటూ ఉంటే నా పింఛనుకు వేయండి. ఆవిడ నిజాయితీ గల మనిషి, ఊళ్లో ఆవిడంత పనిమంతురాలు లేదు. ఇలా రాయడం నాకు చాలా ఇబ్బందిగా ఉంది.

చిత్తగించండి, శుక్రవారం దాటనివ్వకండి.

ఈ ఒక్కసారికి తమ విధేయుడు,
మెర్వ్ ప్లంకెట్

తా.క.: ఇవాళే శుక్రవారం, అందుకని ఇది నోలీనే తెస్తోంది. కవరు అంటించేలోపే లాక్కుని చదివేసింది. మొహం పాలిపోయింది. "ఇంత మంచిగా రాశావేంటి తాతా? డాక్టరు ఏమన్నా అన్నాడా?" అంటోంది. ముందు నన్ను ఆసుపత్రిలో చూపించి, ఆ తర్వాతే తమ ఆఫీసుకొస్తుందట. దయచేసి అయిదింటికే తలుపు వేసేయకండి.