పావుగంట ముందు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి పావురానికి,

పిన్ని ఆశీస్సులు. మేమిద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమం అన్న మాటకి ప్రస్తుతం ఇంతకన్నా అర్థం చెప్పలేను. అక్కడ నువ్వూ, మీ ఆయనా, అద్దె కట్టకుండా నీ బాల్కనీలో కాపురం పెట్టిన ఆ పక్షులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రోజూ ఫోన్లో పలకరించే మనిషి ఇదేమిటి, కాగితం మీద ఊడిపడింది అని కంగారు పడకు. నీ అడ్రసు మా పిల్ల అలమరలో దొరికింది. నువ్వు దానికి ఉన్ని టోపీ పంపినప్పటి పార్సిల్ కాగితం, చింపకుండా మడిచి దాచుకుంది. నీ అసలు పేరు కూడా అందులోనే చూశాను. చక్కటి పేరే గానీ నా నోటికి రాదు. రోజూ పావురాల ఫొటోలు పెట్టే నిన్ను మా పిల్ల పావురం అంది, మాకూ అదే అలవాటైంది.

ఫోన్లో ఎందుకు రాయలేదంటే, ఇంట్లో పనిచేసేది ఒక్క ఫోనే. మీ బాబాయికి విడిగా ఒక చిన్న ఫోను ఉండేది. పిల్ల పోయాక దాన్ని కట్టేసి సొరుగులో పడేశారు, ఇక మనకెవరు చేస్తారు అన్నారు. అప్పట్నుంచీ ఇద్దరికీ నాదే. 'ఈ పూట' ఫొటోల గ్రూపులో మా పేరు మీద వచ్చే ఫొటోలు ఆయన తీస్తారు, కింద మాటలు నేను రాస్తాను. నువ్వు నాకు విడిగా ఏం పంపినా ఆయనే ముందు చదివి, పావురం ఏదో అంటోంది చూడు అంటూ వంటింట్లోకి పట్టుకొస్తారు. ఇది ఆయన చదవకూడని సంగతి. ఇప్పుడాయన టేపు పట్టుకుని కొత్త ఇంటి తలుపులు కొలవడానికి వెళ్ళారు. వచ్చేలోగా ముగించాలి.

ఇల్లుగలాయన ఇల్లు అమ్మేశాడని గ్రూపులో చెప్పాను కదా. కొత్తది ఒక గదీ, వంటిల్లూ. మంచం వేస్తే మేం పట్టం, మేం ఉంటే మంచం పట్టదు. అందుకే మా అత్తగారి కాలం నుంచీ పోగుపడిన సామానంతా కిందికి దించి కుప్పలు పోశాం. చుట్టాలకిచ్చేవి ఒకటి, ఎవరడిగితే వాళ్ళకిచ్చేవి ఒకటి, మాతో వచ్చేవి ఒకటి. మొదటి కుప్ప సంగతి ఎత్తితే నా నోరు పాడవుతుంది. మా ఆడపడుచు వచ్చి, నాకేం వద్దు వదినా, అమ్మ గుర్తుగా ఏదో చిన్నది చాలు అంది. అంటూనే రాగి సామానూ, టేకు బీరువా, చివరికి పీట కూడా ఎక్కించుకుంది. గుర్తులు మోయలేక ఆ బండివాడు రెండోసారి తిరిగొచ్చాడు. మీ బాబాయి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నారు, పోనీలే పాపం అని. ఆయన అందరికీ పోనీలే పాపమే.

రెండో కుప్పలోవే మీరంతా గ్రూపులో చూస్తున్నవి. చెప్పుల స్టాండు పక్కన వెలుతురు బాగా పడుతుందని ప్రతి వస్తువునీ అక్కడే బల్ల మీద పెట్టి ఫొటో తీస్తారు. చేతి కుట్టుమిషను మన గ్రూపులోని గడ్డం మాస్టారింటికి వెళ్ళిపోయింది. మూత పోయిన పింగాణీ జాడీలో ఎవరో మొక్క పెట్టి, చిగురేసిందని ఫొటో పంపారు. ముఖమైనా చూడని వాళ్ళింట్లో మన జాడీ కిటికీ పక్కన కూర్చుని ఉంటే, ఏం చెప్పను, ఏడుపూ వచ్చింది, బాగానూ ఉంది. మొన్న వెండి గిన్నె ఫొటో కింద నువ్వు, మీ ఇంట్లో టైము మాకంటే ముందు పరిగెడుతోందేం బాబాయ్ అని రాశావు. మేం పెందలాడే తినేస్తామని వేళాకోళం చేశావనుకుని నవ్వుకున్నాను. ఆయన మాత్రం జవాబివ్వలేదు.

ఇవన్నీ మా పిల్లకని దాచినవి. ఇది నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నాను, ఎందుకంటే ఇంట్లో ఈ మాట ఎవరం అనం. గిన్నె తుడుస్తూ నేను అనను, పెట్టెలో సర్దుతూ ఆయన అనరు.

మమ్మల్ని ఈ గ్రూపులోకి లాక్కొచ్చింది అదే. రోజుకో ఫొటో అమ్మా, అప్పటికప్పుడు తీసి అప్పుడే పెట్టాలి, పాతవి పెట్టకూడదు, ముస్తాబులు చెయ్యకూడదు అని నియమాలు చదివి వినిపించింది. తను రోజూ పెట్టేది ఏమిటయ్యా అంటే చెప్పులు! ల్యాబుకి వెళ్ళేముందు హాల్లో అవతలి మూలకి పోయి, చెప్పుల స్టాండూ, దాని పైన గడియారం, పక్కన తలుపూ అన్నీ పడేలా తీసేది. చూడ్డానికి ఇంకేం దొరకలేదే నీకు అని తిట్టేదాన్ని. ఇవాళ ఏ జత వేసుకున్నానో నా వాళ్ళకి తెలియాలి కదమ్మా అనేది. నా వాళ్ళట. వాళ్ళల్లో ఒక్కరినీ చూసి ఎరగదు.

అది పోయాక మీరంతా మాకు రోజూ ఒక మాట రాశారు. ఓదార్పులు కావు, మామూలు మాటలే. ఇవాళ పాలు పొంగిపోయాయి, వాన పడింది, పిల్ల పావురం ఎగిరింది. ఆ రోజుల్లో చుట్టాల ఓదార్పుల కంటే నీ పావురాలే నన్ను నిలబెట్టాయి. అందుకే ఈ సాయం నిన్నే అడుగుతున్నాను.

మా గోడ గడియారం కావాలని నువ్వు ఆయన్ని అడగాలి.

ఇంకా గోడ దిగలేదు గానీ, అది మూడో కుప్ప లెక్కలోదే, మాతో వచ్చేవాటిలో. కొత్త గదిలో ఒక్క గోడే ఖాళీ. అది నా మంచానికి ఎదురుగా ఉంటుంది. ఇప్పటిదాకా నేను దానికి వీపు పెట్టి కూర్చుని బతికాను. ఫొటోల్లో అది పడితే ఆ మూల బొటనవేలితో మూసుకుని కింద మాటలు రాశాను. అక్కడ ఇక ఆ వీలుండదు. నువ్వు అడిగితే ఆయన కాదనరు. పిల్ల స్నేహితురాలివి కదా, మరుక్షణం పాతగుడ్డల్లో చుట్టి పంపేస్తారు.

ఎందుకో చెప్పాలి కదా. చెప్తాను.

అది మా అత్తగారిది. గంట కొట్టడం ఎప్పుడో మానేసింది గానీ నడక ఆగలేదు. మీ బాబాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి కొత్తగా చేరినప్పుడు రోజూ ఆలస్యమేనట. ఆవిడ ఎవరికీ చెప్పకుండా ముల్లు పావుగంట ముందుకి జరిపేశారు. ఈయన వారం తిరక్కుండా కనిపెట్టి, మనసులో పావుగంట తీసేసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడా మళ్ళీ ముట్టుకోలేదు, ఈయనా సరిచెయ్యలేదు. నేను కాపురానికొచ్చినప్పుడు మొదట నేర్పింది పాల గిన్నె ఎక్కడుంటుందో కాదు, గడియారంలో పావుగంట తియ్యాలని. మా పిల్లకి మాటలతో పాటే వచ్చింది ఆ లెక్క. బళ్ళో టీచరు గోడ గడియారం చూపించి టైమెంత అంటే, ఇది కూడా పావుగంట తీసి చెప్పి ఎదురు వాదించింది. మా గడియారం అబద్ధం చెప్తుంది టీచర్, మీది చెప్పదా అని. ఆ మాట ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వామో!

పిల్ల పోయినదానికి ముందురోజు ఆదివారం. పిల్ల స్నేహితురాలింటికి, నేను మా చెల్లెలింటికి వెళ్ళాం. ఒంటరిగా ఉంటే ఆయన చేతులు ఊరుకోవు. రిటైరైన దగ్గర్నుంచీ మరీను. గడియారం దించి, తుడిచి, నూనె వేసి, టైము సరిగ్గా పెట్టి మళ్ళీ తగిలించారు. వెంట్రుకవాసి తేడా ఓర్వని మనిషి, ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకున్నారో. మాకు చెప్పలేదు. పొద్దున చూపించి పిల్లని ఆటపట్టిద్దామనుకున్నారేమో. పొద్దున్న అది లేవకముందే నడకకి వెళ్ళిపోయారు.

అది లేచింది, గడియారం చూసింది, పావుగంట తీసేసుకుంది. ఫోన్లో టైముంటుంది కదా అంటావు. జడ వేసుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ తలెత్తితే దానికి పుట్టినప్పట్నుంచీ కనిపించేది ఆ గోడే. నింపాదిగా తయారైంది. చెప్పుల ఫొటో తీసి మీకు పెట్టింది. వెళ్ళొస్తానమ్మా అంది.

కాసేపటికి బస్టాపు నుంచి ఫోన్. మన గడియారం చూసుకునే వచ్చానమ్మా, బస్సు ముందే వెళ్ళిపోయింది, ఆ డ్రైవరుకి ఏం తొందరొచ్చిందో అని నవ్వింది. మా ల్యాబులో అతను బండి మీద వెళ్తున్నాడు, ఎక్కేస్తున్నా అంది. జాగ్రత్త అన్నాను. మలుపు దగ్గర లారీ. అతని కాలు విరిగింది. మా పిల్ల మాకు దక్కలేదు.

మధ్యాహ్నం మేం ఆస్పత్రి నుంచి వచ్చేసరికి పక్కింటివాళ్ళ రేడియోలో వార్తలు మొదలవుతున్నాయి. తలెత్తి చూస్తే మా గడియారం సరిగ్గా అదే టైము చూపిస్తోంది. బల్ల మీద నూనె మరకల గుడ్డ, చిన్న సీసా. నాకు అంతా ఒక్కసారే తెలిసింది పావురం. అప్పట్నుంచీ నేను ఆ గోడ వైపు చూడలేదు.

ఆయనకి బస్సు తప్పిన సంగతి చెప్పలేదు. ల్యాబు అబ్బాయి దారిలో కనబడి ఎక్కించుకున్నాడట అన్నాను. గుడ్డా సీసా ఎత్తి పారేశాను. ఆ అబ్బాయి పలకరించడానికొస్తే కూడా ఆయన్ని దగ్గర కూర్చోనివ్వలేదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి, నీ చేత్తోనే జరిగిందయ్యా అని తెలిస్తే ఇక ఆయన ఆయనగా మిగలరు. ఆయన తప్పు ఇందులో గోరంత కూడా లేదు. ఆ మాట నేను చెప్తే మాత్రం ఆయన చెవికెక్కుతుందా? రోజూ దానికి కీ ఇస్తూ నిలబడుతుంటే, ఏదో ఒకరోజు ఆ లెక్క ఆయనకి తడుతుందని నాకు భయం. తట్టకముందే అది ఇంట్లోంచి వెళ్ళిపోవాలి.

నీకొచ్చాక దాన్ని గోడకి పెట్టుకో, అటక మీద పడెయ్యి, నీ ఇష్టం. ఏ ఫొటోలో చూసి అడిగావు అంటారు ఆయన. గడియారం బాగా కనిపించే ఫొటో ఏదో వెతికి, కింద రాస్తాను. అదే చెప్పు.

మీ ఆయన్ని అడిగానని చెప్పు. మీ ఊరి చలిగాలిలో బాల్కనీలో నిలబడకు.

ఇట్లు,
రోజూ నీ పావురాలను పలకరించే
పిన్ని

తా.క.: ఫొటో వెతకడానికి ఇన్నాళ్ళకి మొదటిసారి ఆ మూల మీంచి వేలు తీశాను. వెండి గిన్నె ఫొటో. గ్రూపులో దాని పక్కన పడిన టైము ఏడు. గోడ మీద గడియారంలో ఏడుంబావు. నా కళ్ళే సరిగా లేవనుకున్నాను. జాడీ చూశాను, కుట్టుమిషను చూశాను. అన్నిట్లోనూ పావుగంట ముందే. అప్పటికప్పుడు తీసి పెట్టాలన్న పిల్ల నియమాన్ని ఆయన ఎన్నడూ తప్పరు. ఇంకా వెనక్కి వెళ్ళాను. పిల్ల పెట్టిన చెప్పుల ఫొటోలు, అన్నీ పావుగంట ముందే. ఆఖరి ఫొటోలో మాత్రం గోడా ఫోనూ ఒకే టైము చెప్తున్నాయి. ఆ తర్వాత మా పేరు మీద వచ్చిన మొదటిది, ఆయన తీసిన ఖాళీ చెప్పుల స్టాండు. అందులో మళ్ళీ పావుగంట ముందుంది.

ఆయనకి తెలుసు పావురం. మొదట్నుంచీ తెలుసు. నాకు తెలియకూడదని ముల్లు మళ్ళీ జరిపేశారు. తన ఫోను ఎందుకు కట్టేసి సొరుగులో పెట్టారో ఇప్పుడర్థమైంది. బస్సు తప్పిందని పిల్ల ముందు ఆయనకే ఫోను చేసి ఉంటుంది. ఏదైనా ముందు నాన్నకే చెప్పేది కదా. నువ్వు ఆ రోజు అడిగింది మా తిండి గురించి కాదు. ఆయన అందుకే జవాబివ్వలేదు. నేను ఆయన దగ్గర దాస్తున్నదాన్నే ఆయన నా దగ్గర దాస్తూ, ఇన్నాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

గడియారం అడక్కు. అది మాతోనే వస్తుంది, నా మంచం ఎదురుగానే పెట్టించుకుంటాను. ఈ ఉత్తరం చించేద్దామనుకున్నాను. కానీ మా ఇద్దరికీ తెలుసని, మాకు కాక ఇంకొక్కరికైనా తెలియాలనిపించింది. ఆయన్ని అడుగుతానో లేదో నాకే తెలియదు.

గేటు చప్పుడైంది. వచ్చినట్టున్నారు. ఇప్పుడే తలెత్తి గడియారం చూశాను. నాలుగుంబావు. అంటే నాలుగు. ఆయనకి టీ పెట్టాలి.