మళ్ల సూడుమని చెప్పు

తమ్మీ,

నువ్వు దుబాయ్‌లో చనిపోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే కొండగట్టు అంజన్నకు మొక్కుకుని కోరుట్లలో మీ ఇంటికి వచ్చాను.

నీ బిడ్డ రవళికి ఇవాళ కంప్యూటర్ ఉద్యోగం పరీక్ష. ఇంట్లోనే రాయాలి. ఈ ఉద్యోగం రాకపోతే వాళ్లమ్మ ఇంటిపనికి మస్కట్ పోతుంది. వీసా వచ్చేసింది.

పరీక్షకు కావాల్సిన ప్రోగ్రాంను రవళి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. దాని పేరు కొడితే మాత్రం అలాంటి కమాండే లేదని వచ్చింది. తీసేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే మాట. టైం గడిచిపోతోంది. నేను పక్కన కూర్చుని అంజన్నను తలుచుకుంటున్నాను.

"లోపల్నే ఉంది అత్తమ్మా, ఫైలు కనవడ్తున్నది. మనం కొట్టిన కమాండ్లను అందుకునే గీ షెల్లే గుర్తు పడ్తలేదు. మొదలు ఏమేం ఉన్నయో గవ్వే యాదివెట్టుకుంటది. కొత్తగ అచ్చినదాన్ని సూడది."

"మరి మళ్ల సూడుమని చెప్పరాదు బిడ్డా?"

రవళి నా ముఖంలోకి చూసింది. "అవ్ అత్తమ్మా, చెప్పొచ్చు! పరేషాన్ల గా మాటే మర్సిన" అంటూ మళ్లీ చూడమని చెప్పే కమాండు 'రీహాష్' కొట్టింది. ఈసారి పేరు కొట్టగానే ప్రోగ్రాం పలికింది.

పరీక్ష రాసేసింది. ఫలితానికి వారం పడుతుందట. మస్కట్ పంపే ఏజెంటు మాత్రం రేపే పాస్‌పోర్టు తెమ్మన్నాడు.

"వదినే, నా పాస్‌పోర్టు యాడన్న సూసినవా?" అని నీ భార్య ఇల్లంతా వెతుకుతోంది.

"లేదమ్మా" అన్నాను. అంజన్న పటం వెనక దాచింది నేనే. నిన్ను సాగనంపాను తమ్మీ. ఇంకొకరిని సాగనంపలేను.

నీ పెద్దక్క