ఎడమవైపు నుంచి పిలిచిన పిల్ల

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. బాగానే అంటే జ్వరమూ దగ్గూ లేవు, వేళకు కాకపోయినా మూడు పూటలా తింటున్నాను. కాళ్ళు మాత్రం సాయంత్రమయ్యేసరికి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉంటున్నాయి. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ, చంటిదీ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారమే అందింది. ఐదు రోజులుగా నా చేతిసంచీలో ఈలతోనూ సుద్దముక్కలతోనూ కలిసి తిరుగుతోంది. ఇవాళ ఆదివారం. ఇళ్ళకు వెళ్ళాల్సిన పిల్లల్ని పొద్దున బస్సెక్కించాం. కొత్తవాళ్ళు సాయంత్రం నాలుగింటికి దిగుతారు. మధ్యలో దొరికిన ఈ కాస్త వ్యవధిలో ఆటసామాన్ల గదిలో, బంతుల వలసంచీకి జారబడి కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు.

‘పిల్లలు సెలవుల్లో అక్కడికొచ్చి భాష నేర్చుకుంటారు సరే, నువ్వు చేసేదేమిటి? ఆడించడం కూడా ఒక ఉద్యోగమేనా?’ అని అడిగావు. ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను దిగని నీకు అలా అనిపించడంలో తప్పులేదు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా పిల్లలు టీచర్లవాళ్ళు. అక్కణ్ణుంచి దీపాలార్పేదాకా నావాళ్ళు. అరవై మంది. వదిలేస్తే ఎవరి భాషవాళ్ళతో వాళ్ళు మూలకు చేరిపోతారు. అలా చేరనివ్వకుండా, నేర్చుకుంటున్న భాషలోనే నోరు విప్పేలా ఏదో ఒకటి చేయించడం నా పని. కాబట్టి ప్రతి ఆటలోనూ మాట ఉండాలి. బంతి విసిరితే పేరు చెప్పి విసరాలి, పట్టుకుంటే ప్రశ్న అడగాలి.

ఈ వారమే తీసుకో. సోమవారం ఆ బంతి ఆటలోనే ఒకడి కళ్ళజోడు రెండు ముక్కలైంది. మంగళవారం నాటకానికి దుప్పట్లతో వేషాలు కడితే, రాజుగారు దుప్పటి మధ్యలో తల పట్టేటంత కన్నం కత్తిరించాడు. లాండ్రీ ఆవిడకు సమాధానం చెప్పుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. గురువారం పొద్దున్నే లేచి తోటంతా తిరిగి ముప్పై చీటీలు దాచాను, పిల్లలు వెతుక్కోవాలని. ఒంటిగంటకు వాన. చీటీలన్నీ పిండి ముద్దలు. తడిసిన అరవై మందినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి మూడు గంటలు అప్పటికప్పుడు ఆటలు పుట్టించాను. చివరి గంటలో ఏం ఆడించానో నాకే గుర్తులేదు. పోయిన వస్తువుల పెట్టెలో ఒంటి మేజోళ్ళు పదకొండూ, పళ్ళకు వేసుకునే క్లిప్పు ఒకటీ పోగయ్యాయి. ఆ క్లిప్పు ఎవరిదో అడుగుతూ ప్రతి నోటిలోకీ తొంగిచూశానంటే నువ్వు నవ్వుతావు.

బుధవారం రాయకుండా దాటేశానని నీకు తెలిసిపోయే ఉంటుంది. అది రాయాలంటే నీ ఇంకో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. ‘తమ్ముడు ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే పెట్టేశావట, వాడి మీద కోపమా?’ అని అడిగావు కదా. కోపం కాదమ్మా. వాడు చెప్పేది నాకు వినపడలేదు.

నీకు వచ్చిందే నాకూ వచ్చింది. ఎడమ చెవి మూడేళ్ళ నుంచి తగ్గుతోంది. కుడిది ఈ ఏడాది మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. మీ అల్లుడికి కూడా. మీటింగుల్లో గోడవారగా, అందరూ నా కుడిపక్కకు వచ్చేలా కూర్చుంటాను. పెదవులు చూసి సగం పోల్చుకుంటాను. మిగతా సగం అందనప్పుడు నవ్వుతాను. నవ్వితే ఎవరూ రెండోసారి అడగరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మూడేళ్ళు గడిపేశాను.

బుధవారం పాత రైళ్ళ మ్యూజియానికి తీసుకెళ్ళాం. మా బస్సులో ఇరవై ఎనిమిది మంది పిల్లలు. బొమ్మలు గీయడం నేర్పే టీచరమ్మ నాకు తోడు. ముప్పై నిండలేదు, ఈ ఏడాదే చేరింది, నన్ను అక్కా అంటుంది. తిరుగు ప్రయాణంలో బస్సు మెట్ల దగ్గర నేను నంబర్లు పిలవాలి, పిల్లలు పలకాలి. లోపల ఆమె తలలు లెక్కపెట్టి కాగితం మీద సంతకం చెయ్యాలి. అదీ పద్ధతి. పక్క పట్టాల మీద ఇంజన్ నడిపి చూపిస్తున్నారు, ఒకటే రొద. నేను నంబరు పిలవడం, ఏదో ఒక నోరు కదలడం, నేను టిక్కు పెట్టడం. పదిహేడు అన్నాను. ఎవరిదో నోరు కదిలింది. టిక్కు పెట్టాను.

లోపల ఒకడు వాంతి చేసుకున్నాడు. టీచరమ్మ వాణ్ణి పట్టుకునుంది. “అక్కా, నీ లెక్క సరిపోయిందా?” అని అడిగింది. సరిపోయిందన్నాను. నా మాట మీద సంతకం పెట్టింది.

బస్సు పావుగంట పోయాక నా వెనక సీట్లోంచి ఒక చిన్నది వచ్చి ఏదో చెప్పింది. భాష ఇంకా కూడబలుక్కునే పిల్ల. నాకు ‘లేదు’ అన్న ఒక్క ముక్కే అందింది. నీళ్ళు లేవంటోంది కాబోలని నా సీసా ఇచ్చాను. పాపం, మర్యాదకు రెండు గుక్కలు తాగింది. తాగి, మూతి తుడుచుకుని, నా కుడివైపుకు వంగి గట్టిగా చెప్పింది. “మేడం, పెన్సిల్ లేదు. బస్సులో లేదు.”

పెన్సిల్ అంటే వస్తువు కాదు. మా పదిహేడో నంబరు పిల్ల. పన్నెండేళ్ళుంటాయి, సన్నగా పొడుగ్గా ఉంటుందని తోటిపిల్లలు పెట్టుకున్న పేరు. ఆరు వారాలుండటానికొచ్చింది. మూడు వారాలైనా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

డ్రైవరుతో చెప్పి బస్సు వెనక్కి తిప్పించాను. మేం వెళ్ళేసరికి మ్యూజియం కాపలాదారు గేటు దగ్గర కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టాడు. పడుకునే బెర్తుల పెట్టె చూడటానికి ఎక్కిందట, తలుపు బిగుసుకుపోయిందట. ఏడవడం లేదు. నేను వాటేసుకోబోతే వెనక్కి జరిగింది. ఒక్కో మాటా పేర్చుకుంటూ అంది. “నేను కిటికీలోంచి పిలిచాను. మూడుసార్లు. మీరు ఇటు చూశారు. నవ్వారు. వెళ్ళిపోయారు.”

అమ్మా, ఆ పెట్టె నా ఎడమవైపునే ఉంది. కిటికీలో ఏదో కదిలితే అటు చూశాను, అది నిజం. అద్దం మీద ఎండ పడి మొహం కనపడలేదు. ఎవరో చెయ్యూపుతున్నారనుకుని అలవాటుగా నవ్వాను.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. ఆ తర్వాత చేసింది తప్పు. సాయంత్రం మా పెద్ద మేడం ఇద్దరినీ గదిలోకి పిలిచింది. “పదిహేడు పలికిందా?” అని నన్నడిగింది. పలికిందన్నాను. మరి తలలెవరు లెక్కపెట్టారంటే టీచరమ్మ తల దించుకుంది. నా మాట మీద సంతకం పెట్టానని ఒక్క ముక్క అనలేదు. “లెక్కపెట్టాల్సింది నేనేగా మేడం” అంది. ఆమెను పని మానేసి ఆదివారం బస్సుకు ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. నేనక్కడే నిలబడున్నాను. వినపడనట్టు నిలబడ్డాను. ఆ గదిలో మాత్రం అన్నీ వినపడ్డాయి.

గురువారమంతా ఆ అమ్మాయి వానలో తడిసిన పిల్లల తలలు తుడుస్తూ నాతోపాటు పనిచేసింది. శుక్రవారం మధ్యాహ్నం వరండాలో బొమ్మల కాగితాలు చుట్టచుట్టి రబ్బరు బ్యాండ్లు వేసుకుంటోంది. నన్ను చూసి, “ఈ బ్రష్షులు నీ దగ్గరుంచుకో అక్కా, వచ్చేవాళ్ళకు పనికొస్తాయి” అంది. చెయ్యి చాపి తీసుకున్నాను కూడా. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగాను. తిన్నగా పెద్ద మేడం గదికి వెళ్ళి నిలబడ్డాను.

“పదిహేడు పలకలేదు మేడం. పలికిందో లేదో నాకు తెలీదు. నాకు వినపడదు” అన్నాను.

ఆవిడ కలానికి మూత పెట్టింది. “ఎంతకాలం నుంచి?”

“మూడేళ్ళు.”

“మూడేళ్ళు మీ చేతుల్లో పిల్లల్ని పెట్టాను.” కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. “చెవి తగ్గడం తప్పు కాదు. నాతో చెప్పుంటే ఈలకు బదులు జెండా ఇచ్చేదాన్ని, పక్కన ఇంకో మనిషిని పెట్టేదాన్ని. ఆ అమ్మాయి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారే, అది నాకు మింగుడు పడటం లేదు.”

టీచరమ్మ ఉద్యోగం నిలిచింది. పెన్సిల్ తల్లిదండ్రులకు జరిగింది జరిగినట్టు నా పేరుతో నేనే ఉత్తరం రాశాను. చెవులకు మిషను వచ్చి, డాక్టరు సరేనని కాగితం ఇచ్చేదాకా నన్ను పిల్లలతో బయటికి పంపరు. వచ్చే ఏడాది సంగతి ఇప్పుడు చెప్పలేనంది మేడం. నేనూ అడగలేదు. నిన్న చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎడమది దాదాపు లేనట్టే. కుడిది సగం. మిషను తయారవడానికి మూడు వారాలు.

బ్రష్షులు తిరిగిచ్చి టీచరమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. “రెండు రోజులు, అక్కా” అంది. అంతే అంది. భోజనాల దగ్గర ఇదివరకులా నా పక్కన కూర్చోవడం లేదు. కూర్చోమని నేనెలా అడగను?

ఇక పెన్సిల్. నిన్న సాయంత్రం దాన్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని చెప్పాను. నాకు చెవి వినపడదు, వినపడనప్పుడు నవ్వుతాను, నిన్ను చూసి వదిలేసి వెళ్ళలేదు అని. అది “ఏ చెవి?” అని అడిగింది. చూపించాను. లేచి ఇటువైపుకొచ్చి కూర్చుని, “నా మంచం బాగాలేదు. చప్పుడు. నిద్ర లేదు. మొదటి వారం చెప్పాను. మీరు నవ్వారు” అంది.

మూడు వారాలమ్మా! ఆ పిల్ల మాట్లాడదని మేం అనుకుంటున్నాం. మాట్లాడిన మాటకు జవాబు రాక మానేసింది. అప్పటికప్పుడు ఇద్దరం కలిసి పరుపు మోసుకెళ్ళి పక్కగదిలో ఇంకో మంచం మీద వేశాం. దుప్పటి అదే పరుచుకుంది, నన్ను వెయ్యనివ్వలేదు.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానంటే, ఈ వారమంతా నువ్వే గుర్తొచ్చావు. నిన్న మేమంతా భోంచేస్తుంటే అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ఏమిటని పక్కావిడను అడిగితే, “ఏం లేదులెండి” అంది. నీకు ఎన్నిసార్లు అన్నానమ్మా ఆ మాట! చుట్టాలొచ్చినప్పుడు, నా స్కూల్లో, దుకాణంలో, నువ్వు నా చెయ్యి గిల్లి ‘ఏమిటే, ఏమంటున్నారే’ అని అడిగితే, ‘ఏం లేదులే’ అని పక్కకు తిరిగిపోయేదాన్ని. ఎదురుగా నిలబడి మళ్ళీ చెప్పడానికి నాకు బద్ధకం. నలుగురిలో గట్టిగా చెప్పడానికి సిగ్గు.

వాటిలో ఒకటి మాత్రం నీకిప్పుడు చెప్పి తీరాలి. ఆసుపత్రిలో నాన్నకు చివరి రోజులు. ఎనిమిది మంచాల వార్డు. పోయే ముందురోజు మధ్యాహ్నం నువ్వు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నావు, నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. నాన్న లోగొంతుకతో నాతో ఏదో అన్నాడు. ఏమంటున్నారే అని నువ్వడిగావు. ఏం లేదులే, దిండు సర్దమంటున్నాడు అన్నాను. నువ్వు లేచి దిండు సర్దావు. నాన్న నా వంక చూశాడు.

ఆ మాట చెప్పాలంటే వార్డంతా వినేలా అరవాల్సి వచ్చేది. అంతకంటే వేరే కారణం లేదమ్మా. తర్వాత చెబుదామనుకున్నాను. తెల్లారి నాన్న పోయాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ‘నన్ను పిలిచారేమోనే, నాకు వినపడలేదేమోనే’ అని ఎన్నేళ్ళు అడిగావు నన్ను! అడిగిన ప్రతిసారీ లేదులే అన్నాను. ఊరడించడానికి అంటున్నాననుకున్నావు. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇది నీకు ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. సెలవు దొరకగానే వచ్చి మళ్ళీ చెబుతాను. అందాకా ఆగలేక రాస్తున్నాను. నాన్న అన్నది ఇదీ:

“రెండు రోజులుగా మీ అమ్మ రెప్ప వెయ్యలేదే. నేను పిలిస్తే వినపడదేమోనని దాని భయం. పిలవనని చెప్పవే. పిలిచే పనేముంది, మొహం కనిపిస్తూంటే చాలదూ.”

ఇట్లు,
పదకొండేళ్ళు ఆలస్యంగా నోరు విప్పిన
నీ పెద్దమ్మాయి