అల తినే కొండచరియ

నూజివీడు,
23 ఆగస్టు 2025.

చిరంజీవి కీర్తిప్రియకు నాన్న సీతారామాంజనేయులు ఆశీస్సులు. అమ్మా నేనూ కులాసా. విశాఖలో నువ్వూ కులాసాగానే ఉన్నావని తలుస్తాను.

ఇంజనీరింగ్ సీటు వదిలేసి సముద్రపు కొండచరియల గురించి చదువుతానన్నావని ఏడాదిగా నీతో మాట్లాడలేదు. నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మకిచ్చేసేవాణ్ణి. ఇవాళ మాత్రం ఆగలేకపోతున్నానమ్మా!

బుధవారం వాన తెరిపిచ్చాక తోటకి వెళ్లాను. తోట కాపలా ఉండే మన అప్పారావు, సరోజల పాక వాగు గట్టు మీదే కదా. పైనుంచి చూస్తే గట్టు నిక్షేపంగా ఉంది. ఎందుకైనా మంచిదని అవతలి ఒడ్డుకెళ్లి చూశాను. నీళ్లు గట్టు అడుగుని తొలిచేశాయి. మనిషి పడుకునేంత గుల్ల! తిరిగొచ్చి వెతికితే పాక వెనక నేలలో సన్నటి బీట కూడా ఉంది.

నీ చరియలే గుర్తొచ్చాయి. ఇంగ్లండు తూర్పు తీరంలో చరియలు కొన్నిచోట్ల ఏటా రెండు మీటర్ల దాకా వెనక్కి పోయేది ఇలాగేగా? అల అడుగున తొలుస్తుంది, పైభాగం గాల్లో వేలాడుతుంది, బీటల్లోకి వాననీరు దిగి బరువెక్కి కూలుతుంది. ఆస్ట్రేలియాలో సముద్రం మధ్య నిలబడ్డ అంత పెద్ద రాతి స్తంభమే చూస్తుండగా కుప్పయిందట!

వెంటనే పాక ఖాళీ చెయ్యమన్నాను. ఇరవయ్యేళ్ల నుంచి ఉంటున్నామండీ, ఈ గట్టుకేమవుద్దండీ అని అప్పారావు నవ్వాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోందండీ అంది సరోజ. నేను ఆ గిన్నె దించి, పట్టుకుని నడిచాను. గొణుక్కుంటూ వెంట వచ్చారు. కాయలు సర్దే షెడ్డులో ఉంచాను.

నిన్న పొద్దున పదింటికి పాకతో సహా గట్టు వాగులోకి జారిపోయింది! మా కళ్లముందే. మీకెలా తెలిసిందండీ అని సరోజ ఏడ్చేసింది. మా అమ్మాయి చదువమ్మా అన్నాను. బస్టాండులో ముక్కూమొహం తెలియని కండక్టరుకి కూడా చెప్పాను!

కూలిన మట్టి కొన్నాళ్లు గట్టు అడుక్కి అడ్డుగా ఉంటుంది, వాగు దాన్ని లాక్కుపోయాక మళ్లీ తొలుస్తుంది, అంతేగా? ఇక కూలే వరసలో మూడు రసాల మామిడి చెట్లున్నాయి. ఎంతవరకు పోతుందో నువ్వే కొలిచి చెప్పాలి.

ఇట్లు,
నీ చదువుకి అడ్డుపడ్డ
నాన్న.

తా.క.: ఈ చరియల సంగతంతా పుస్తకంలో చదివానని మీ అమ్మకి చెప్పాను. అబద్ధం. నువ్వు బీచ్‌లో పాఠం చెబుతావని మీ అమ్మ ఫోన్లో అంటుంటే విని, పోయిన ఆదివారం మైలవరంలో పనుందని చెప్పి విశాఖ వచ్చాను. బీచ్‌లో నువ్వు స్కూలు పిల్లలకి చరియల గురించి చెబుతుంటే, వెనక తలకి తువ్వాలు చుట్టుకుని చివరిదాకా నిలబడ్డాను. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగావు చూడు, చెయ్యెత్తబోయి దించేసుకున్నాను. నేను అడగాలనుకున్నది చరియల గురించి కాదు. ఇంటికెప్పుడొస్తావు తల్లీ అని.