పొగ మానిన దర్జీకి రెండవ స్కానింగు

మెదడు చిత్రాల పరిశోధన విభాగపు పెద్ద డాక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సిగరెట్టు మానివేసినందున పరిశోధన నుండి తొలగింపబడిన దర్జీకి రెండవ స్కానింగు మంజూరు చేయుట గురించి.

1. పొగ తాగువారి మెదడులో డోపమిన్ అను హుషారు పుట్టించే రసాయనము ఎట్లు పెరుగునో చూచుటకు మనుషులు కావలెనని తమరు ప్రకటించిరి. నాకు పూర్తి అర్హత గల పని జన్మలో అదొక్కటే కనబడినందున హాజరైతిని.

2. సూదిమందు ఇచ్చి యంత్రములో పడుకోబెట్టిరి. నడుమ లేపి, మేడ మీద ఒక సిగరెట్టు తాగించి, మరల పడుకోబెట్టిరి. పిమ్మట డాక్టరమ్మ గారు రెండు బొమ్మలు చూపి, "ఇదిగోండి, తాగాక వచ్చిన తేడా" అనిరి. చొక్కా గుండీ అంత కూడా లేదు. ఈ మాత్రానికా నేను గిరాకీల ప్యాంట్లకు చిల్లులు పెట్టి నానా మాటలూ పడ్డది? సిగ్గేసి ఆనాడే మానితిని.

3. రెండవ స్కానింగుకు రాగా తమ సహాయకుడు తల పట్టుకొని, "మధ్యలో మానేస్తే ఎలాగండీ? మీరు తాగేవాళ్ళ జట్టు! మా లెక్కలన్నీ పాడైపోవూ?" అనెను. పొగ మానినందుకు చీవాట్లు తిన్న ఘనత నాకే దక్కినది.

4. మా అమ్మాయికి పాప పుట్టినది. నన్ను ఎత్తుకోనివ్వదు. మానేశానంటే, "నువ్వు మానడం నా చిన్నప్పట్నించీ చూస్తున్నా నాన్నా. ఆ స్కానింగు వాళ్ళని చెప్పమను, అప్పుడు నమ్ముతా" అంటోంది. రోజూ సబ్బుతో చేతులు తోముకుని గుమ్మం దగ్గర నిలబడుతున్నాను. దూరం నుంచి చూపించి లోపలికి తీసుకుపోతోంది. నాకు ఏడుపొస్తోందయ్యా.

5. కావున స్కానింగు ఇప్పించ ప్రార్థన. యంత్రము ఖాళీ లేనిచో, "ఇతడు మానినాడు, ఇక మాకు పనికిరాడు" అని ముద్ర వేసి ఇచ్చినా చాలును. పనికిరానివాడినని ఊరందరూ ఉచితముగానే చెప్పిరి. నేనుగా అడిగి రాయించుకొనుట ఇదే ప్రథమము.

తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాగేవాళ్ళ జట్టులో మాజీ సభ్యుడు

తా.క.: తప్పులు దిద్దుతానని మా అమ్మాయి ఈ అర్జీ తీసుకుని చదివింది. నాలుగో అంశం రెండుసార్లు చదివింది. తర్వాత లోపలికి వెళ్ళి వచ్చి, "కుర్చీలో సరిగ్గా కూర్చో నాన్నా. మెడ కింద చెయ్యి పెట్టాలి, తెలుసుగా?" అంది. అర్జీ రద్దు చేయగలరు. ఒంటిచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించగలరు.